పలక మీద సుద్దగీత

జూన్ 14, ఆదివారం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. పెద్దదాన్ని కనక ఇవ్వాలి, ఇస్తున్నాను. ఇక్కడ మనుషులం క్షేమం. నువ్వు క్షేమమేనా అని మాత్రం ఈసారి అడగను. రెండు వీధుల అవతల నీ కొట్లో గడియారాలు బాగుచేసుకుంటూ దర్జాగా ఉన్నావని మీ బావ చూసి వచ్చి చెప్పారు. ఫోను చేస్తే ఊఁ అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. దీనికి ఊఁ కొట్టి తప్పించుకోలేవు.

ముందు మన గినీ పిగ్గు బొత్తాం సంగతి విను. గురువారం నుంచి అది ఎండుగడ్డి ముట్టలేదు. విరేచనాలు తగ్గాయి గానీ మూల ముడుచుకుని కూర్చునే ఉంది. జోడీ పత్తి పక్కకు చేరి మూతితో పొడిచినా కదలదు. గినీ పిగ్గులకు ఒక్క పూట తిండి ఆగినా పొట్ట కదలడం మానేస్తుందట, అదే ప్రాణం మీదికి తెస్తుందట. డాక్టరమ్మ గడ్డిపొడిని నీళ్లలో కలిపి మూడు గంటలకోసారి సిరంజితో పట్టమంది. రేపటికి తనంతట తానుగా ఒక్క గడ్డిపోచైనా కొరక్కపోతే ఆశ పెట్టుకోవద్దని కూడా చెప్పింది. మీ బావ డ్యూటీకి సెలవు పెట్టారు. అంత పెద్ద బస్సును సందుల్లో తిప్పే మనిషి, అరచేతిలో పట్టేదాన్ని ఒళ్లో పెట్టుకుని, ఇంకొక్క గుక్క తాగమ్మా అని బతిమాలుతుంటే నాకు కడుపు రగిలిపోతోంది.

నీకు చెప్పలేదా? అన్నీ చెప్పాను. వాటికి తిండంటే ఎండుగడ్డీ, ఆకుకూరలూ, కాస్త క్యాప్సికమ్. పండు ఉత్త చిరుతిండి. వారానికి రెండే సార్లు. బొటనవేలి గోరంత ముక్క, గింజలు తీసి మరీ పెట్టాలి. మధ్యాహ్నం నేను ముందుగదిలో కుట్టుమిషను మీంచి లేవలేను కనక, భోజనానికి వచ్చే నీకు ఆ పని అప్పగించాను. వెనక తలుపు తాళంచెవి కూడా ఇచ్చాను. మర్చిపోకుండా పలక కూడా పెట్టాను కదా. పండు పెట్టగానే నువ్వు సుద్దతో గీత గీయాలి. గీత ఉన్నన్నాళ్లూ మళ్లీ పండు లేదు. మంగళవారం, శనివారం సాయంత్రం నేను చెరుపుతాను, మర్నాడు నువ్వు పెడతావు. ఇంతకంటే తేలిక లెక్క ఉంటుందా? గోడ మీద ఉంటే నీకు ఆనదేమోనని, పన్నెండు రోజుల కిందట పలకను తెచ్చి వెనకగదిలో నా కత్తిరింపు బల్ల అంచుకే కట్టాను, పంజరం ఎదురుగా. ఇంకేం చెయ్యాలి, నీ మెడలో కట్టాలా?

ఇంత చేస్తే నువ్వు రోజూ పెట్టావు. వరసగా తొమ్మిది రోజులు. అరటిపండు, ద్రాక్ష, బొప్పాయి, నీ పళ్లెంలో ఏది ఉంటే అది. ఊరందరి గడియారాలకూ టైము చెప్పేవాడివి, వారానికి ఏడు రోజులని తెలియదా?

సరే, తప్పు చేశావు. చేసినవాడివి తలవంచుకుని ఊరుకుంటే ఇంత రాసేదాన్ని కాదు. గీత లేదక్కా అన్నావు. వచ్చిన ప్రతిరోజూ పలక ఖాళీగానే ఉందన్నావు. అక్క చెరిపిందంటే పెట్టమన్నట్టే కదా అనుకున్నానన్నావు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను చెరిపేది రెండు రోజులే. మిగతా రోజులు ఎవరు చెరిపారు, పత్తి చెరిపిందా? ముప్పై ఏళ్లుగా కత్తెర పట్టిన చెయ్యి ఇది. ఒక్క కొలత తప్పు రాయలేదు, ఒక్క గుడ్డ పాడుచెయ్యలేదు. పొద్దుగూకేసరికి బల్ల మీద సుద్దపొడి రవ్వంత ఉండనివ్వను. అలాంటిదాని ఇంట్లో గీతలు వాటంతటవే మాయమవుతాయా? అందుకే మీ బావ ఎదుటే నిన్ను అబద్ధాలకోరువన్నాను. తాళంచెవి అక్కడ పెట్టి పొమ్మన్నాను. నువ్వు దాన్ని బల్ల మీద పెట్టి, అన్నం తినకుండా వెళ్లిపోయావు. పైగా నీకే కోపం.

బొత్తాంకు ఏదైనా అయితే నేను మర్చిపోతానని అనుకోకు. ఇప్పటికింతే, బల్ల సర్దుకోవాలి.

ఇట్లు,
మీ అక్క

తా.క. ఈ ఉత్తరం మడిచిపెట్టి బల్ల సర్దడానికి లేచాను. ఇవాళ మధ్యాహ్నం నుంచి మీ బావ సిరంజి పట్టిన ప్రతిసారీ ఆ పలక మీదే గీత పెడుతున్నారు. ఇందాక టీ గ్లాసుతో వచ్చి, పెట్టిన రెండు గీతలూ ఏమయ్యాయని అడిగారు. నాకేం తెలుసన్నాను. ఆయన నా చేతివైపు చూశారు. చేతిలో బ్రష్షు ఉంది. బల్ల మీద సుద్దపొడి దులిపి, అదే ఊపులో అంచుకు కట్టిన పలకను కూడా తుడిచేశాను. తుడిచినట్టు నాకే తెలియదు. రోజూ ఇదే చేస్తున్నానన్నమాట. పలక గోడ మీద ఉన్నన్నాళ్లూ ఈ గొడవే లేదు.

ఉత్తరం చింపేద్దామనుకున్నాను. చదువుకుంటే ప్రతి తిట్టూ నాకే కొలిచి కుట్టినట్టు ఉంది. చింపడం కూడా తుడిచెయ్యడమే కదా, అందుకే ఉన్నదున్నట్టు పంపిస్తున్నాను. పలక ఖాళీగా ఉంటే నన్నెందుకు అడగలేదని నిన్ను అనను. నిన్ను నేనెప్పుడు అడగనిచ్చాను గనక. నువ్వు అబద్ధం ఆడలేదురా. ఆ మాట మీ బావ ఎదుటే పైకి చెప్పాను.

పొద్దున మీ బావ తెచ్చిచ్చే ఈ కవరులో గట్టిగా తగిలేది తాళంచెవి. బొత్తాం ఇంకా పోచ కొరకలేదు. ఇవాళ్టితో ఆయన సెలవు అయిపోయింది. రేపు మధ్యాహ్నం దానికి సిరంజి పట్టాలంటే గడియారాల పని చేసే చెయ్యి కావాలి.