ఉలి పెట్టని బండ

నా పేరు నర్సమ్మ. డెబ్బై దాటాయి. శామీర్‌పేట పక్క గుట్ట మీద కొడుకు యాదయ్య, కోడలు సుగుణతో ఉంటున్నాను. యాదయ్య వాళ్ల నాయినా, నువ్వు పోయి నేటికి ఏడాది.

గుట్టంతా రాయి కొట్టి బతికినా పోచమ్మ బండకు మాత్రం నువ్వు ఉలి పెట్టలేదు. పొద్దున ఆ తల్లికి కల్లు సాక పోద్దామని వెళ్తే ఆ బండ నిండా పేల్చే మందు పెట్టే బొక్కలున్నాయి. కంకర మిషనువాళ్ల పని అనుకున్నాను. డ్రిల్లు పట్టుకుని నిలబడ్డది మన యాదయ్య.

"ఏందిరా గిది?"

"మేం ప్రభువును నమ్ముకున్నం గదనే అమ్మా. మాకు గది ఉత్త బండనే."

"అయితే నన్ను గూడ పేల్చు" అని ఎక్కి కూర్చున్నాను.

బైబిలు కోసం అక్షరాలు నేర్చిన సుగుణ పైకొచ్చింది. నన్ను దించుతుందనుకున్నాను. పక్కనే కూర్చుంది.

"నాకు గూడ బండనే, అత్తమ్మా. గానీ మామ ఇడిసిపెట్టిన బండ."

యాదయ్య డ్రిల్లు బంద్ చేశాడు, దిగిపోలేదు. బండ మీదే కూర్చుని సుగుణ చేత ఈ కాగితం రాయిస్తున్నాను.

నర్సమ్మ వేలిముద్ర.

సాక్షులు: కోడలు సుగుణ, చప్పుడు విని వచ్చిన పక్కింటి బాలమ్మ. కింద, ఈ బండను ముట్టనని యాదయ్య సంతకానికి జాగా విడిచాం. వాడు ఇంకా చూస్తున్నాడు.