బల్ల మీద చోటు

చిక్కడపల్లి, జూన్ 1969

డర్బన్‌లో ఉన్న అన్నయ్యకు నమస్కారం.

పార్కులో తెల్లవాళ్ళకే అని రాసిన బల్ల మీద కూర్చున్నావని పోలీసులు నిన్ను కొట్టారని నీ ఉత్తరంలో చదివి ఏడ్చాను. "మీకు స్వాతంత్ర్యం వచ్చి ఇరవై రెండేళ్ళయింది కదా, ఎలా ఉంటుందో రాయి" అన్నావు. ఏం రాయను? ఇక్కడ అలాంటి బల్లలు లేవు. కానీ తెలంగాణ గొడవలు మొదలయ్యాక బజారులో నేను నోరు విప్పడం లేదు. విప్పితే ఆంధ్రావాళ్ళమని తెలిసిపోతుంది. మా ఇంటి యజమానురాలు దమయంతిగారే వెంట వచ్చి కూరలు బేరం చేస్తున్నారు. నిన్న ఉండబట్టలేక, "మేమేం చేశామండీ?" అని అడిగాను.

"నువ్వేం చెయ్యలె బిడ్డా. మా పిల్లగానికి రావాల్సిన సర్కారు నౌకరిల మీ ఆయన కూసున్నడు, గంతే," అంటూ నా సంచిలో వంకాయలు వేశారు.

ఈ మాట ఆయనకు చెప్పలేదు.

అన్నయ్యా, మీ ఊళ్ళో అయితే నేను బల్ల మీద కూర్చున్నదాన్నా, పక్కన నిలబడ్డదాన్నా? దెబ్బలు తిన్నవాడివి, నువ్వే చెప్పు.

నీ చెల్లెలు