ఖాళీగా ఇచ్చిన గిన్నె

కాపెల్, అమెరికా, అక్టోబర్ 2009

రాధక్కా,

ఫోన్‌లో అయితే పక్క గదిలోంచి ఈయన వింటారు. అందుకే రాస్తున్నాను.

ఆఫ్రికాలో కట్టే ఆ రేవు టెండర్లు మా ఆఫీసే పరిశీలిస్తోందని చెప్పాను కదా. పునాదుల డిజైన్లకి మార్కులు వేసేది నేను. అప్పు ఇచ్చేది ఇక్కడి గవర్నమెంటు. అమెరికన్ కంపెనీ డిజైన్‌లో పునాది స్తంభాలు బురదలోనే ఆగిపోతున్నాయి, రాయిదాకా దిగవు. ఫెయిల్ చేశాను. వాషింగ్టన్ ఆఫీసర్ నా ముఖం చూడకుండానే, “మన డబ్బుతో కట్టే రేవు మన కంపెనీకే రావాలి, మళ్లీ చూడండి” అన్నాడు. తర్వాత మా బాస్ నన్ను పిలిచి నా గ్రీన్‌కార్డ్ సంగతి గుర్తుచేశాడు. ఈయన ఉద్యోగం పోయాక అందరి వీసాలూ నా ఉద్యోగం మీదే కదా. నాకు భయంగా ఉందక్కా.

ఆ కంపెనీలో డిజైన్ల మీద సంతకం పెట్టేది మన విశ్వనాథం అంకుల్. కొత్తలో మమ్మల్ని ఇంట్లో పెట్టుకున్న మనిషి. వాళ్లు నాకు తెలుసని మొదట్లోనే చెబితే, “తెలుగువాళ్లంతా నీకు తెలిసినవాళ్లేగా” అని మా బాస్ నవ్వేశాడు. నిన్న కృష్ణకుమారి ఆంటీ స్టీలు గిన్నెలో సున్నుండలు తెచ్చింది. “మీ అంకుల్‌కి ఇదే లాస్ట్ ప్రాజెక్ట్ అమ్మాయ్, కాస్త చూడు” అంది. తిప్పి పంపుదామనుకునేలోపే మా పాప ఇషా రెండు మింగేసింది.

మనం ఎవరి గిన్నెనీ ఖాళీగా ఇవ్వం కదా, చెంచాడు పంచదారైనా వేస్తాం. ఈ గిన్నెలో ఏం వేసివ్వనక్కా? మార్కులు తేల్చే మీటింగ్ రేపే.

నీ ప్రమోద

కాపెల్, నవంబర్

అక్కా,

మార్కులు మార్చలేదు. నన్ను తప్పించి ఇంకొకడిని కూర్చోబెట్టి పాస్ చేయించుకున్నారు. కాంట్రాక్ట్ వాళ్లకే వెళ్లింది, నాకు నెలాఖరు దాకే ఉద్యోగం. ఈయన నాతో మాట్లాడడం మానేశారు.

గిన్నె తోమి ఖాళీగానే ఇచ్చాను. ఆంటీ మూత తీసి చూసి తలుపేసుకుంది. కార్‌లో కూర్చుని ఏడ్చాను.

నిన్న సాయంత్రం తలుపు తీస్తే అంకుల్, చేతిలో అదే గిన్నె.

“మీ ఆంటీ దీన్ని నా ముందు పెట్టి, ఆ పిల్ల మనకి ఇలా ఎందుకిచ్చిందో చెప్పండి అని పట్టుకుందమ్మా. రేటు తగ్గించడానికి మావాళ్లే ఆ స్తంభాలు పొట్టి చేశారు, నాకు తెలుసు. ఎలా చెప్పను?” లోపలికొచ్చారు. “ఇవాళ ఆఫీస్‌లో చెప్పేశా. రాయిదాకా దించితేనే డిజైన్ మీద సంతకం పెట్టి స్టాంప్ వేస్తా, లేకపోతే వేరేవాణ్ణి చూసుకోండన్నా.”

“వేరేవాళ్లు దొరికితే అంకుల్?”

“నేనెందుకు వేయలేదో ఆ దేశం వాళ్లకి రాసే వెళ్తా.”

గిన్నె బల్లమీద పెట్టారు. “ఆంటీ ఏదో వేసి పంపుతానంది, నేనే వద్దన్నా. ఖాళీగా ఇచ్చింది నువ్వు కదా, ఇప్పుడు వేయాల్సిందీ నువ్వే.”

గిన్నె మూత తీశాను. ఈయన లేచి వంటింట్లోకి వెళ్లి, పంచదార డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు.

వీసా సంగతి ఏమీ తేలలేదక్కా. రాత్రి మాత్రం ఇద్దరం కలిసి అన్నం తిన్నాం.

నీ చెల్లెలు
ప్రమోద