సున్నా రాసిన చేయి

హొసూరు,
అక్టోబరు 7

ప్రియమైన ప్రేమక్కా,

ఫోనులో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. అందుకే కెలమంగలం బస్సు కండక్టరు వీరప్ప చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

అంటురోగాలు ముంచుకొచ్చేలోపే ఊళ్లను ఎలా సిద్ధం చేయాలో మాకు ఇక్కడ పది రోజులు నేర్పుతున్నారు. ఈరోజు గోడమీద వీధులవారీగా జ్వరాల పట్టిక అతికించారు. మన వీధికి ఆరు వారాలుగా సున్నా! చుట్టూ అంతా డెంగీ. శిక్షణ ఇచ్చే శరవణన్ సార్ మన వీధిని మెచ్చుకుంటుంటే నేను ఆ సున్నాలనే లెక్కపెడుతూ కూర్చున్నాను. ఇంటింటికీ తిరిగి ఆ లెక్క రాసేది నువ్వే కదా. మొన్న నేను బయల్దేరేటప్పుడు నాలుగిళ్లలో దుప్పట్లు కప్పుకుని మూలుగుతున్నారు.

నేను చదివిన ప్రతి కరపత్రమూ ఒకటే చెబుతుంది: దాచిన జ్వరమే ఊరిని చంపుతుంది. నిజం చెప్పు.

నీమీద ఇంకా నమ్మకం చావని తమ్ముడు,
మాదేశ్


కెలమంగలం,
అక్టోబరు 9

ప్రియమైన తమ్ముడు మాదేశుకు,

సున్నా నేనే రాశాను. తెలిసే రాశాను.

జ్వరమని రాస్తే దోమల పొగబండి వస్తుంది. ఆ పొగ దోమతో పాటు పట్టుపురుగునూ చంపుతుంది. నిరుడు పై వీధిలో ఒక్క సాయంత్రంలో తట్టల్లో పురుగులన్నీ కక్కుకుని చచ్చాయి. అప్పటినుంచి నన్ను చూస్తే తలుపులు మూస్తున్నారు. పక్కింటి ఆదిలక్ష్మమ్మ గడపకు అడ్డంగా నిలబడి, "జరమని రాసినావంటే బండి వస్తాది. పురుగులు పోతే మేము యాడికి పోయేదమ్మా? నువ్వు పెడతావా కూడు?" అంది.

ఇంకో వారంలో మన పురుగులు గూళ్లు కడతాయి. అంతవరకు నోరు మూసుకో. నిన్ను చదివించింది ఆ గూళ్లే.

నీ మేనకోడలు నందితకూ మూడు రోజులుగా ఒళ్లు కాలుతోంది. మాత్ర వేశాను. బిడ్డ పేరూ రాయలేదు. ఇక తిట్టుకో.

అక్క,
ప్రేమ


హొసూరు,
అక్టోబరు 10

'ప్రియమైన' అని రాయడానికి చేయి రావడం లేదు. అయినా ప్రియమైన అక్కా,

సొంత బిడ్డ జ్వరాన్ని దాచావా? రెండుసార్లు చదివినా నమ్మలేకపోయాను. పదిసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. ఇది అందగానే నందితను కృష్ణగిరి ఆసుపత్రికి తీసుకుపో.

నేను నోరు మూసుకోలేదు. క్లాసులో లేచి, ఆ సున్నాలు అబద్ధమనీ, రాసింది మా అక్కేననీ చెప్పేశాను. శరవణన్ సార్ కోప్పడలేదు. మీ ఇంట్లో నీళ్లు ఎక్కడెక్కడ నిలుస్తాయని మాత్రం అడిగారు. కరపత్రంలో ఉన్నవన్నీ అప్పజెప్పాను: టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీలు, మూతలేని డ్రమ్ములు. మన ఇంట్లో అవేవీ లేవనీ, పొగ తప్ప దారి లేదనీ వాదించాను. శనివారం బండి వస్తుంది. పురుగులు పోతే పోనీ, మనుషులు మిగలాలి.

నిన్ను పట్టించి ఏడుస్తున్న
మాదేశ్


కృష్ణగిరి ఆసుపత్రి,
అక్టోబరు 14

ప్రియమైన మాదేశూ,

నందిత బతికింది. ముందు ఆ మాట.

గురువారం బిడ్డ చిగుళ్లలో రక్తం చూసి, నీ ఉత్తరం అందకముందే ఇక్కడికి పరిగెత్తాను. డెంగీ. ఇంకొక్క రోజు ఆలస్యమై ఉంటే, అని డాక్టరమ్మ మాట ఆపేసింది. ఈరోజు గంజి తాగింది.

శనివారం అమ్మను బిడ్డ దగ్గర కూర్చోబెట్టి ఊరికి వెళ్లాను. బస్సులో వీరప్ప నీ ఉత్తరం చేతికిచ్చాడు. ఆడవాళ్లు పొగబండికి అడ్డం నిలబడ్డారు. "ఎవురు పిలిచినారు దీన్ని?" అంటే, నీ పేరు చెప్పకుండా నేనే అన్నాను. బండితో వచ్చిన మీ శరవణన్ సార్, ముందు పురుగుల గది చూస్తానన్నారు. టార్చిని పురుగుల తట్టలు పెట్టే స్టాండు కాళ్ల దగ్గరికి పట్టారు. చీమలు ఎక్కకుండా ఒక్కో కాలి కింద నీళ్ల గిన్నె పెడతాం కదా. ఆ గిన్నెలన్నింటిలో దోమపిల్లలు గిలగిలలాడుతున్నాయి.

పురుగుల కోసం పొగను ఆపాను. ఆ పురుగుల కిందే దోమలను పెంచాను. నందిత హోంవర్క్ రాసుకునేది ఆ గదిలోనే. ఆ గిన్నెలు నింపేది నువ్వు. నీ కరపత్రాల్లో అవి లేవు.

వీధిలో ప్రతి ఇంట్లోనూ అదే కథ. అన్నీ బోర్లించి, తోమి, ఎండబెట్టాం. ఇక రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. పొగ వదలకుండానే బండి వెళ్లిపోయింది.

నిన్న ఆదిలక్ష్మమ్మ ఆసుపత్రికి వచ్చి, బెంచీమీద నా పక్కన కూర్చుంది. చేయి చాపి, "పట్టి చూడు ప్రేమా. ఐదు దినాలాయె. రాసుకో" అంది.

కాగితం వెతుక్కుని తలెత్తేసరికి, అదే బస్సు దిగిన మన వీధివాళ్లు మరో నలుగురు ఆమె వెనక నిలబడి ఉన్నారు.

బిడ్డ పిలుస్తోంది, ఉంటాను.
అక్క ప్రేమ