ఖాళీ సీటుతో పద్దెనిమిది కిలోమీటర్లు

ఏప్రిల్ 2

బండి వచ్చింది. దాన్ని బండి అనడానికి నోరు రావడం లేదు. ఉన్నవి రెండు చక్రాలే గానీ బరువు నాలుగు వందల కిలోలకి కాస్త తక్కువట. పక్కన రెండు పెట్టెలు, వెనక ఒకటి, ముందు టీవీ లాంటి స్క్రీన్, స్పీకర్లు, రివర్స్ గేర్. ఇంజన్‌లో ఆరు సిలిండర్లని మా ఆయన మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ అలాగా అన్నాను. వెనక సీటుకి వీపు ఆనించుకోవడానికి మెత్తటి దిండు, చేతులు పెట్టుకోవడానికి చెరోవైపు ఆసరా. ముప్పై నాలుగేళ్లు లిఫ్టులు రిపేరు చేసి రిటైరైన మనిషి, ఇంటికి ఒక లిఫ్టు తెచ్చుకున్నట్టుంది.

నీ కోసమే తెచ్చాను అన్నారు. నేనడిగానా అన్నాను.

నేను బండెక్కి ఐదేళ్లయింది. వెన్నుపూస ఆపరేషన్ అయినప్పుడు డాక్టరు ఏడాది పాటు వద్దన్నారు. ఏడాది తర్వాత భయం వద్దంది. నేను ఆస్పత్రి నుంచి వచ్చిన వారానికే ఈయన పాత బండి అమ్మేశారు, నాతో ఒక్క మాటైనా అనకుండా. విసుగొచ్చిందేమో అనుకుని నేనూ అడగలేదు. ఇరవై ఆరేళ్లు ఆ వెనక సీట్లో కూర్చుని ఎన్ని ఊళ్లు చూశానో లెక్కలేదు. బండి వెళ్లిపోయిన రోజు వంటగదిలో నిలబడి ఏడ్చాను.

ఏప్రిల్ 4

ఈరోజూ ఎక్కలేదు. పొద్దునా సాయంత్రం తుడుస్తున్నారు. దుమ్ము పడటానికి కాస్త టైమైనా ఇవ్వాలిగా.

ఏప్రిల్ 6, ఉదయం 11

ఎక్కాను!

యాభై కిలోమీటర్లు పోయి వచ్చాం. నడుము కిక్కురుమనలేదు. నేను పనిచేసే కళ్లజోళ్ల షాపులో స్టూలు మీద గంట కూర్చుంటే వచ్చే నొప్పి కూడా రాలేదు. గుంతలు కళ్లకి కనబడుతున్నాయి, ఒంటికి తెలియడం లేదు. సీటు వెచ్చబెట్టే బటన్ కూడా ఉంది. దిగాక ఈయన నా మొహంలోకి అదేపనిగా చూస్తున్నారు. బాగుంది అంటే నెత్తికెక్కుతారని, పర్లేదు అన్నాను. పిల్లాడిలా నవ్వారు.

పాత బండి ఎక్కాలంటే ఈయన భుజం గట్టిగా పట్టుకుని కాలు తిప్పాలి. దీనికి ఆ అవసరం లేదు. మెట్టు లాంటిది ఉంది, ఆసరా పట్టుకుని నా అంతట నేనే ఎక్కేస్తున్నాను. మహారాణిని.

ఏప్రిల్ 12

ఈయన రైడింగ్ దోస్తు ఒకాయన ఉన్నారు. నోరు మూయరని అందరూ రేడియో అంటారు. ఇవాళ వచ్చి బండి చుట్టూ ప్రదక్షిణలు చేశారు. కుర్రతనం నుంచీ అన్ని బండ్లూ తోలేసి చివరికి దీని దగ్గరికే వస్తాం చెల్లెమ్మా, పొద్దున ఎక్కి సాయంత్రం దిగినా ఇంకా అన్నం సహించే బండి ఇదొక్కటే అన్నారు. ఎప్పుడైనా అమ్మితే నాకే అమ్మాలి అని మా ఆయన దగ్గర మాట తీసుకున్నారు. నన్ను కాటికి పంపాక తీసుకో అన్నారు ఈయన.

హెల్మెట్లలో మైకులు పెట్టించారు. ఇదివరకు మా మాటలన్నీ చేతులతోనే. భుజం తడితే ఆపమని, డొక్కలో పొడిస్తే నెమ్మదిగా అని. ఇప్పుడు చెవిలోనే మాట్లాడుతున్నారు. ఇంట్లో పది మాటలకి ఒక్క ఊఁ కొట్టే మనిషి, రోడ్డెక్కితే ఆగడం లేదు. మొహం కనబడకపోతేనే మాటలొస్తాయి కాబోలు ఈయనకి.

ఏప్రిల్ 20, సాయంత్రం 6

ఇంటికి రాగానే డైరీ తీశాను. రాసేస్తే కంగారు తగ్గుతుందేమో.

హైవే మీద పెట్రోల్ బంకులో ఆగాం. నేను బాత్రూముకి వెళ్లొచ్చి, హెల్మెట్ పెట్టుకుని, సంచీ వెనక పెట్టెలో పెట్టి ధబ్‌మని మూత వేశాను. గ్లవ్ ఒకటి కింద పడింది. నా నడుముతో వంగి తియ్యాలంటే కాస్త టైము పడుతుంది. తీసి లేచేసరికి బండి రోడ్డు మీద ఉంది.

మూత చప్పుడు విని ఎక్కాననుకున్నారు. భుజం పట్టుకోవడం నేను మానేశానుగా. ఇక ఆ బరువుకి నేనొక లెక్కా? నేనున్నా లేకున్నా దానికొకటే.

అరవబోయాను. అంతలో చెవిలో ఈయన గొంతు. కోప్పడనంటే ఒక మాట చెప్తాను అన్నారు. నీ ఆపరేషన్ అయిన రోజు డాక్టరు నన్నొక్కణ్నే లోపలికి పిలిచారు, ఐదేళ్లుగా నీకు చెప్పలేదు, ఆయన ఏమడిగారంటే... బండి దూరమై అక్కడ గరగరమంది. తర్వాత ఏమీ లేదు.

ఫోను సంచీలో, సంచీ బండిలో, ఈయన నంబరు నోటికి రాదు. బంకు ఆయన కుర్చీ వేశాడు. హెల్మెట్‌తోనే యాభై నిమిషాలు కూర్చున్నాను.

ఈయన పద్దెనిమిది కిలోమీటర్లు ఖాళీ సీటుతో మాట్లాడుతూ పోయారు. నేను పలకకపోతే ఏడుస్తున్నాననుకున్నారట. రైల్వే గేటు పడితే ఆగారు. పక్కన లారీ డ్రైవరు కిందికి వంగి, ఎవరితో పెద్దాయనా, వెనక ఎవరూ లేరు అన్నాడట.

తిరిగొచ్చినప్పుడు ఆ మొహం చూడలేకపోయాను.

ఏప్రిల్ 21

మాట్లాడటం లేదు. బండికి కవరు కప్పేశారు. డాక్టరు ఏమడిగారు అన్నాను. ఏ డాక్టరు అన్నారు.

ఏప్రిల్ 23

బండి రేడియోకి ఇచ్చేస్తున్నారట. సోమవారం వచ్చి తీసుకెళ్తారట. వెనక మనిషి ఉందో పడిందో తెలియని వాడు ఇక బండి తోలకూడదు అన్నారు. నేను చెప్పి చూశాను. తిట్టి చూశాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నారు.

నాకు ఈ బండి కావాలి. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గేముంది. ఐదేళ్ల తర్వాత నాకు మా ఆయన దొరికాడు, ఆ సీట్లో కూర్చుంటేనే దొరుకుతున్నాడు. సోమవారం అది పోతే మళ్లీ ఊఁ కొట్టే మనిషి మిగులుతాడు.

ఏప్రిల్ 25

ఇంకో సంగతి. అప్పుడే అరిచి ఉంటే ఆయనకి వినబడేది. ఆగేవారు. నేను అరవలేదు. చెప్తున్న మాట ఎక్కడ ఆపేస్తారో అని చెవులప్పగించి వింటూ నిలబడ్డాను. తప్పంతా ఆయన నెత్తిన వేసుకుంటే నేను చూస్తూ ఊరుకున్నాను.

ఏప్రిల్ 27, మధ్యాహ్నం

రేపు ఎలాగూ ఇచ్చేస్తారుగా, ఆఖరిసారి ఒక్క రౌండు తిప్పండి అన్నాను. కాదనలేకపోయారు. ఎక్కేటప్పుడు భుజం పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

ఊరు దాటాక మైకులో చెప్పేశాను. ఆ రోజు మీ మాట వినబడింది, నేను కావాలనే అరవలేదు అని. ఎందుకు అన్నారు. మీరు మాట్లాడుతుంటే ఆపబుద్ధి కాలేదు అన్నాను. సీటుకి చెప్పింది నాకు చెప్పడానికేం, మిగతాది చెప్పండి అన్నాను.

చెప్పారు. ఈవిడ ఎన్నేళ్ల నుంచి బండి వెనక కూర్చుంటోంది అని డాక్టరు అడిగారట. ఇరవై ఆరేళ్లు అన్నారట ఈయన. డాక్టరు తల ఊపి ఏదో రాసుకున్నారట. అంతే. ఆ తల ఊపడం చూసి, నీ నడుము నేనే విరగ్గొట్టానని తేలిపోయింది అన్నారు. పాత బండి అందుకే అమ్మారట. తర్వాత ఐదేళ్లూ నిన్ను నొప్పించని సీటు ఎక్కడుందా అని వెతికాను అన్నారు.

మా అమ్మకీ అదే నడుము, మా అక్కకీ అదే ఆపరేషన్. మీ వంశంలోనే ఉందమ్మా ఇది అని అదే డాక్టరు నాతో చెప్పారు. ఆ మాట ఈయనకి చెప్పాలని నాకెప్పుడూ తోచనే లేదు. ఇప్పుడు చెప్పాను.

బండి నెమ్మదించింది. పక్కకి తీసి ఆపారు. దిగలేదు, వెనక్కి తిరగలేదు. ఇద్దరం ముందుకే చూస్తూ కూర్చున్నాం. చెవిలో ఆయన ఊపిరి వినబడుతోంది, ముక్కు ఎగబీలుస్తున్నారు. ఐదేళ్లలో ఒక్కసారి చెప్పలేకపోయావా అన్నారు కోపంగా. మీరు అడిగారా అన్నాను. నేనూ ఏడుస్తూనే ఉన్నాను.

బండి ఇవ్వడం లేదని రేడియో గారికి ఫోను నేనే చేశాను. నాకు తెలుసు చెల్లెమ్మా అని గంటసేపు మాట్లాడారు.

ఏప్రిల్ 28, ఉదయం 5:20

బయల్దేరాం. ఎక్కి కూర్చున్నాను, బండి కదలదే. ఇదిగో, ఏమోయ్, వింటున్నావా: ముప్పై ఒక్కేళ్లుగా ఈయన నోట నా పేర్లు ఇవే. ఇవాళ చెవిలో నా అసలు పేరు వినిపించింది, బడిలో హాజరు పిలిచినట్టు. ప్రెజెంట్ సార్ అన్నాను. అప్పుడు కదిలింది. ఇది టీ కొట్టు దగ్గర ఆగి రాస్తున్నాను, మళ్లీ పిలుస్తున్నారు.