రూలోఫ్ పేరు పక్కన శిలువ

కాస్త్రోలాండా, సోమవారం

ఫెన్నా పిన్నికి,

ఆదివారం చర్చిలో అమ్మ సంతాప ప్రార్థనలో చదవడానికి ఆమె జీవితం గురించి రాయమని పాస్టరుగారు నాకు అప్పగించారు. హాలెండ్ నుంచి ఆవులతోపాటు ఓడలో ఇక్కడికి వచ్చిన పిల్ల అని మొదలుపెట్టి, నాలుగు పేజీలు ఇష్టంగా రాశాను. తేదీల కోసం, మన హాలెండ్ వాళ్ళందరి ఇళ్ళలోలాగే మరుగుదొడ్డి తలుపుకున్న పుట్టినరోజుల కేలెండర్ తీశాను. పోయినవాళ్ళ పేరు పక్కన అమ్మ చిన్న శిలువ గీసి సంవత్సరం వేసేది కదా. రూలోఫ్ అన్నయ్య పేరు పక్కన కూడా శిలువ ఉంది. ఆరేళ్ళ కిందటిది.

మొన్న ఈస్టరుకి కూడా అన్నయ్య ఉత్తరమని అమ్మ చదివి వినిపించింది. కవరు మీద మీ ఊరు కురితీబా పోస్టాఫీసు ముద్ర ఉంది. అవి పోస్టు చేసింది నువ్వేనా?

నాన్నకి చెప్పలేదు. అన్నయ్యని ఇంట్లోంచి వెళ్ళగొట్టింది ఆయనే. ఇవాళ భోజనమయ్యాక బైబిల్ మూసి, "వాడు రాకుండా మీ అమ్మ ప్రార్థన జరగదు," అన్నాడు.

"వాడి అడ్రసు తెలీదుగా నాన్నా."

"మీ పిన్నికి తెలుసులే. ఆ ఊళ్ళో దానికి తెలీని ఇల్లుందా? కాళ్ళు పట్టుకునైనా తీసుకొస్తా."

బుధవారం పొద్దున్న బస్సుకి మీ ఇంటికి వస్తున్నాడు. ఈ ఉత్తరం రేపే పాల లారీ డ్రైవరుకిచ్చి పంపుతాను. ఆయన గుండె సంగతి నీకు తెలుసు. తలుపు తీసేలోగా ఏం చెప్పాలో ఆలోచించుకో పిన్నీ. నాకైతే ఒక్క మాటా దొరకడం లేదు.

నీ అక్క కూతురు