ఎనిమిదో నెల బియ్యం

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. నీకు చెప్పకపోతే నాకు తోచని సంగతొకటి జరిగింది.

ఇక్కడ అమెరికాలో, మెక్సికో పక్కనున్న మా ఎల్ పాసో ఊరి లైబ్రరీలో, ఈ సరిహద్దు ఊళ్ల ఆడవాళ్లు తమ పాత కథలు చెప్పుకునే సభ పెట్టారు. పక్కింటి రోసా వాళ్లమ్మ లేచి, మెక్సికోలో అమ్మడానికి కొత్త గౌన్లు సుంకం కట్టకుండా ఒకదాని మీద ఒకటి తొడుక్కుని సరిహద్దు బ్రిడ్జి దాటిన రోజులు చెప్పింది. వెంటనే నీ మనవరాలు మాయ చెయ్యెత్తింది.

"మా అమ్మమ్మ కూడా బోర్డర్ దాటింది!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ కథ నలుగురిలో చెప్పొద్దని నీ నోరు మూయించింది నేనే కదా. దానికెప్పుడు చెప్పావో ఏమో! బియ్యం రాష్ట్రం దాటనివ్వని కాలంలో, ఇచ్ఛాపురంలోని పుట్టింటి నుంచి ఒరిస్సాలోని అత్తింటికి, పొట్టకి బియ్యం మూట కట్టుకుని నిండు చూలాలిలా చెక్‌పోస్టు పోలీసు ముందు నుంచే నువ్వు నడిచి వెళ్లిన కథ.

మాయ ఆ కథ ఇంగ్లీషులో చెబుతూ, తన జాకెట్‌ను ఉండచుట్టి చొక్కాలో దోపుకుని, అచ్చం నీలాగే నడుం మీద చెయ్యేసి నడిచింది. ముసలమ్మలు నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకున్నారు.

"మమ్మీ, పోలీస్‌తో అమ్మమ్మ ఏం చెప్పింది? నువ్వు చెప్పు."

అందరూ నావైపు తిరిగారు. లేచాను. నడుం మీద చెయ్యి వేసుకున్నాను.

"ఎనిమిదో నెల బాబూ, నిలబడలేను, ఒగ్గేయ్."

ఇంగ్లీషులో ఇంకా చెప్పనేలేదు, రోసా వాళ్లమ్మ లేచి చప్పట్లు కొట్టింది.

నీ
సరళ